వేడినీళ్ల పెంచలమ్మ జపాన్ స్నానం

అనుమసముద్రంపేటలో, అదే ఏఎస్ పేటలో, దర్గాకు పోయే సందులో పెంచలమ్మ స్నానాల గదులు తెలియని యాత్రికుడు ఉండడు. ఆరు గదులు, ఆరు బకెట్లు, పెరట్లో ఒక పెద్ద అండా. ముప్పై ఏళ్లుగా ఆమె తెల్లవారుజామున మూడింటికి లేచి, పొయ్యిలో కంపకట్టెలు ఎగదోసి నీళ్లు కాస్తూనే ఉంది. గోడ మీద నీలం రంగుతో తొమ్మిది నియమాలు రాయించింది. లోపల బట్టలు ఉతకరాదు, కిళ్లీ ఉమ్మరాదు, పాటలు పాడరాదు, ఇట్లాంటివి. ఒకసారి ఎవరో పెద్దమనిషి బావమరిది నోట్లో కిళ్లీతో లోపలికి పోబోతే అడ్డంగా నిలబడి, ఉమ్మి వచ్చిందాకా కదలలేదు. మొగుడు ఓబులయ్య మెత్తని మనిషి. ఆయన కూడా స్నానానికి పోయేముందు ఆమె వంక చూసే పోతాడు.

ఇన్ని వేల మందికి నీళ్లు కాచిన మనిషి, తను మాత్రం అందరూ పోయాక అండా అడుగున మిగిలిన గోరువెచ్చటి నీళ్లు నాలుగు చెంబులు పోసుకుని వంటపనిలో పడేది. ఒళ్లు తనివితీరా వేడినీళ్ల స్నానం ఎప్పుడు చేసిందంటే, తన పెళ్లికి చేయించిన మంగళస్నానమే చెప్పాలి. దాని గురించి ఆమె ఎవరితోనూ వాపోలేదు. వాపోవడానికి తీరిక ఉండాలి కదా.

ఆమె మేనల్లుడు ధనుంజయకు ఆత్మకూరు బస్టాండు దగ్గర సోలార్ హీటర్ల షాపు ఉంది. ఎండలకు పెట్టింది పేరైన ఊళ్లో నీళ్లు కాచే మిషన్లు అమ్మి జిల్లాకు మొదటివాడుగా నిలిచాడంటే వాడి నోరు ఎట్లాంటిదో అర్థం చేసుకోవచ్చు. కంపెనీవాళ్లు మెచ్చి ఇద్దరికి జపాన్ టూర్ ఇచ్చారు. భార్య రాధికకు ఐదో నెల, డాక్టరు విమానం వద్దన్నాడు. ఇంట్లో ఇంకెవరికి పాస్‌పోర్టు ఉందని వెతికితే, శ్రీలంక యాత్రకని తీయించుకుని, ఆ యాత్ర కాస్తా రద్దయితే ట్రంకుపెట్టెలో పడేసిన పెంచలమ్మ పాస్‌పోర్టు దొరికింది.

ఆమె ససేమిరా అన్నది. గదులు ఎవరు చూస్తారు, ఓబులయ్య ఎవరి తలుపైనా కొట్టి త్వరగా రమ్మనగలడా అని అడిగింది. ధనుంజయ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. చుట్టూ మనిషెత్తు మంచు, మధ్యలో బండరాళ్ల తొట్టి, ఆ తొట్టిలో పొగలు కక్కే నీళ్లలో మెడ దాకా మునిగి కళ్లు మూసుకున్న ముసలమ్మలు. పెంచలమ్మ దాన్ని నాలుగుసార్లు చూసింది. ముప్పై ఏళ్లు నిలబడి నిలబడి అరిగిపోయిన ఆమె మోకాళ్లు కూడా చూసినట్టే ఉన్నాయి.

"ఆ నీళ్లలో నన్ను ఒక్కసారి కూర్చోబెడతావంటే వస్తాను," అన్నది. "ఇంకేమీ చూపించబళ్లేదు."

అట్లాగే ఇంకేమీ చూడలేదు. పెద్ద పెద్ద ఊళ్లన్నీ బస్సు కిటికీలోంచి వెనక్కి పోయాయి, ఆమె మంకీ క్యాపు లాక్కుని నిద్రపోయింది. కొండమీది సత్రం దగ్గర దిగాక మాత్రం కాసేపు నిలబడిపోయింది. ఎదురుగా తెల్లటి కొండ. జనం కాళ్లకు పొడుగాటి బద్దలు బిగించుకుని, తీగకు వేలాడే కుర్చీల్లో పైకి పోతున్నారు, సర్రున జారి కిందికి వస్తున్నారు, మళ్లీ కుర్చీ ఎక్కుతున్నారు. పైన ఏ దేవుడున్నాడని అడిగింది. ఏ దేవుడూ లేడని, జారడానికే ఎక్కుతారని ధనుంజయ చెప్పాడు. పెంచలమ్మ వాళ్లమీద నిజంగానే జాలిపడింది.

సత్రంలో అడుగుపెట్టగానే పొయ్యి ఎక్కడుందో చూపించమన్నది. పొయ్యి లేదు, కట్టెలు లేవు, కరెంటు కూడా లేదు, నేల లోపలినుంచే నీళ్లు మరిగి వస్తాయని ధనుంజయ చెబితే నమ్మలేదు. ఆ నీళ్లు పారే కాలువ దగ్గరకు పోయి మోచెయ్యి ముంచి చూసింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన తప్పితే నీళ్లకు వంక పెట్టడానికి లేదు. ఆమెకు ఒక్కసారిగా కోపం వచ్చింది.

"ముప్పై ఏళ్లు నా కళ్లు పొగబెట్టుకున్నానే. ఈళ్లకు భూమే కాంచి పోస్తా ఉండాదా?"

అసలు చిక్కు స్నానాల గది గుమ్మంలో మొదలైంది. అక్కడ బొమ్మలతో ఒక బోర్డు. ధనుంజయ దాని ముందు ఫోన్ పెట్టి, తెలుగులోకి మార్చి చదివాడు. ఒంటిమీద నూలుపోగు లేకుండా దిగాలి. ఇది విని పెంచలమ్మ గదిలోకి పోయి గంటసేపు తలుపు వేసుకుని ఆలోచించింది. చివరికి, ఎవరో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లే కదా, వాళ్లు ఏఎస్ పేటకు వచ్చి చెబుతారా ఏంది అనుకుని గుండె చిక్కబట్టుకుని బయటికి వచ్చింది. అప్పటికి ధనుంజయ బోర్డులో మిగతా సగం చదివి తల పట్టుకుని ఉన్నాడు. ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నవాళ్లు నీళ్లలో దిగకూడదు.

పెంచలమ్మ ఎడమచేతి మీద తేలు, తులసికోట. కుడిచేతి మీద ఓబులయ్య పేరు, చుట్టూ పూలతీగ. తొమ్మిదో ఏట వాళ్ల అవ్వ దగ్గర కూర్చోబెట్టుకుని ఎడమచేతికి పొడిపించింది. పచ్చబొట్టు లేని ఒంటిని పైలోకంలో గడప దాటనివ్వరని చెప్పి ఏడుపు మాన్పించింది. ఆ అవ్వకు జపాన్ సంగతి తెలియదు పాపం.

ఈ దేశంలో రౌడీలు పచ్చబొట్లు పొడిపించుకుంటారని, అందుకే ఈ రూలని ధనుంజయ నెమ్మదిగా చెప్పాడు.

"నేను రౌడీనంట్రా?"

ఏఎస్ పేటలో ఆ మాట అనేవాళ్లు లేకపోలేదు.

వాడు కౌంటర్ దగ్గరికి పోయి దెబ్బలాడతానన్నాడు. పెంచలమ్మ వాడి చొక్కా పట్టుకుని ఆపింది. బోర్డు రాసినవాళ్లకు ఎన్ని తిప్పలుంటాయో బోర్డు రాసినవాళ్లకే తెలుసునన్నది. కౌంటర్‌లోని అమ్మాయి పచ్చబొట్ల మీద అంటించుకోమని అరచేతి వెడల్పు స్టిక్కర్లు నాలుగు ఇచ్చింది. నాలుగూ తేలుకు, తులసికోటకే సరిపోయాయి. పైగా అవి గోధుమరంగువి, ఆమెది నల్లటి చెయ్యి. ఎన్నికల తర్వాత గోడలా తయారైంది. వాటిని పీకేసి, కిటికీ దగ్గర కూర్చుని, ఓబులయ్యను ఎక్కడని దాచిపెట్టేదని అన్నది. నవ్వుతూనే అన్నది కానీ ధనుంజయకు నవ్వు రాలేదు. అత్త కళ్లు నిండిపోయి ఉన్నాయి. ఇంత దూరం తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టానే అని వాడికి తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం సత్రం యజమానురాలు స్వయంగా గదికి టీ తెచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి, చీపురుపుల్లలా సన్నగా ఉంది. ధనుంజయ ఫోన్‌లో తెలుగు మాట్లాడి జపాన్ మాట వినిపించాడు. ఈమె మా అత్త, మా ఊళ్లో యాత్రికులకు ముప్పై ఏళ్లుగా నీళ్లు కాచి స్నానాలు చేయిస్తోంది అని చెప్పాడు. యజమానురాలు టీ పక్కన పెట్టి మోకాళ్లమీద కూర్చుంది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. రోజుకు ఎంతమంది? నేలకు పాచి పడితే దేనితో రుద్దుతారు? ఎన్నింటికి లేస్తారు? మూడింటికని చెప్పగానే తనూ మూడింటికేనని వేళ్లు చూపించింది. నేల మీదికి వంగి దండం పెట్టింది. పెంచలమ్మ కంగారుపడి తనూ వంగింది. ఆమె ఇంకొంచెం వంగింది. ఈమె ఓడిపోతుందా? మోకాళ్లు అడ్డం వచ్చాయి కాబట్టి ఆగింది.

లేచేముందు యజమానురాలు ఫోన్‌లో ఒక మాట చెప్పింది. తెల్లవారుజామున తొట్టి కడిగి కొత్త నీళ్లు పెడతారు. ఆరింటికి తలుపు తీసేదాకా లోపల ఎవరూ ఉండరు. రూలంతా ఇతరుల కోసమే కాబట్టి, ఎవరూ లేనప్పుడు రూలు చెడదు. ఆ తొలినీళ్లు మీవి.

ఐదింటికి ఆమె వచ్చి పెంచలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. చిన్న పీట మీద కూర్చోబెట్టి, ముందు ఒళ్లు రుద్దుకుని కడుక్కోవాలని సైగ చేసింది. ఈ పద్ధతి పెంచలమ్మకు బాగా నచ్చింది. తర్వాత బయట మంచు మధ్య తొట్టి, పైన ఇంకా తెల్లవారని ఆకాశం. పెంచలమ్మ సిగ్గు చంపుకుని కాలు పెట్టింది. మోకాళ్ల దాకా దిగింది. దిగి, తిరిగి చూసింది.

యజమానురాలు గట్టుమీద తువ్వాలు పట్టుకుని తల వంచుకుని నిలబడి ఉంది. నువ్వెప్పుడు చేస్తావని పెంచలమ్మ చేతులతో అడిగింది. ఆమె నవ్వి లోపలి గోడ గడియారం వైపు వేలు చూపించి, ముల్లు తిరిగినట్టు వేలు తిప్పి, అందరూ వెళ్లిపోతున్నట్టు చెయ్యి ఊపి, చివర్న తన గుండెమీద పెట్టుకుంది. ధనుంజయ ఫోన్ లేకపోయినా పెంచలమ్మకు ప్రతి ముక్కా అర్థమైంది.

"అయితే నేనూ కూర్చోను," అని నీళ్లలో నిటారుగా నిలబడింది. "నువ్వు దిగు. దిగితేనే."

ఆమె వద్దు వద్దని చేతులూపింది. పనుందని తలుపు వైపు చూపించింది. పెంచలమ్మ ఓబులయ్య పేరున్న చెయ్యి చాచి అట్లాగే నిలబడింది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి కానీ చెయ్యి దించలేదు. యజమానురాలు కాసేపు తలుపునూ చేతినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నడుముకు కట్టుకున్న పట్టీ విప్పడం మొదలుపెట్టింది.

ఇద్దరూ మెడ దాకా మునిగి పక్కపక్కన కూర్చున్నారు. వేడి మోకాళ్లలోకి ఇంకుతుంటే పెంచలమ్మకు ఏడుపు ఆగలేదు. ఆపాలని కూడా అనుకోలేదు. పక్కనామె మంచు వైపే చూస్తూ కూర్చుంది, ఆమె మొహం కూడా తడిగానే ఉంది.

ఆరు దాటింది. తలుపు బయట చెప్పుల చప్పుడు, గుసగుసలు, ఎవరో మెల్లగా దగ్గిన చప్పుడు. యజమానురాలు ఉలిక్కిపడి లేవబోయింది. పెంచలమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కూర్చో తల్లీ. ఒక పూట వాళ్లే నిలబడనీ."

ఒక్క ముక్క అర్థం కాని ఆ మనిషి మళ్లీ కూర్చుంది.