రాజవ్వ పాలు, నా అయోడిన్ చుక్క

ఒక్క చుక్క మందుతో, కాలేజీ మొత్తం చూస్తుండగా, నా పరువును నేనే నీలంగా మార్చుకున్న ఘనుణ్ణి నేను. ఈ సంగతి మా ఇంట్లో వాళ్ళు చుట్టాలకు చెప్పి చెప్పి బాగా పెంచేశారు. అందుకే అసలు జరిగింది నేనే చెప్పేస్తున్నాను. అసలుది కూడా ఏమంత తక్కువ కాదు లెండి.

ఎనభైల మొదట్లో లక్సెట్టిపేట దగ్గర ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరాను. ఉద్యోగం కొత్తది, మీసం కొత్తది, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలు మాత్రం రెండే. ల్యాబు పక్క గదిలోనే కాపురం. చేరిన వారానికే పిల్లలకు ఆహార పదార్థాల పరీక్షలు చూపించాను. కోడిగుడ్డు తెల్లసొన ఊదారంగుకు తిరిగితే అందులో మాంసకృత్తులు ఉన్నట్టు. అన్నం గంజిలో అయోడిన్ వేస్తే ముదురు నీలం, అంటే పిండిపదార్థం ఉన్నట్టు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేరుగా నా తలకెక్కాయి.

ప్రతి పరీక్షకూ పక్కన ఇంకో గాజు గొట్టంలో ఉత్త నీళ్ళు పోసి, అదే మందు వేసి పోల్చి చూడాలి. ఇది పిల్లల చేత రికార్డుల్లో రాయించాను. రాయని వాళ్ళకు ఎర్ర సిరాతో మార్కులు కోశాను. నేను మాత్రం అలా చేసేవాణ్ణి కాదు. సారుకు నీళ్ళతో పోలికేమిటని నా ధీమా.

అప్పుడే హాస్టల్ వార్డెన్ ఒకరోజు వచ్చి, పాలు పల్చగా ఉంటున్నాయనీ, రాజవ్వ నీళ్ళు పోసి, అది తెలియకుండా చిక్కగా కనబడాలని ఏ పిండో కలుపుతోందని తన అనుమానమనీ అన్నాడు. రాజవ్వ యాభై ఏళ్ళ మనిషి. మూడు బర్రెలను పెట్టుకొని, తెల్లారకముందే పాల క్యాన్లు మోసుకొచ్చి హాస్టల్‌కు పోసేది. ఆమె ఇల్లంతా ఆ పాల మీదే నడిచేది. "రేపు తేల్చేస్తాను" అని వార్డెన్‌కు మాటిచ్చాను. వొట్టి మాట కాదు, తేల్చేదాకా నిద్రపోనన్నంత పట్టుదల.

మర్నాడు చూస్తే గాజు గొట్టాల నిండా దుమ్ము. ల్యాబు కుళాయిలో నీళ్ళు రాలేదు. నా గదిలో ఒక బకెట్లో సగం నీళ్ళుంటే తెచ్చి గబగబా కడిగేశాను. అటెండర్ మల్లయ్య గుమ్మంలో నిలబడి, "సార్, గా బకెట్ల..." అని ఏదో చెప్పబోయాడు. నాకు తెలుసులే పొమ్మన్నాను.

ప్రిన్సిపాల్‌ను పిలిచాను, వార్డెన్‌ను పిలిచాను, రాజవ్వను పాల క్యాన్‌తో సహా పిలిపించాను, రెండు క్లాసుల పిల్లలను వరండాలో నిలబెట్టాను. పెళ్ళికి కూడా నేను అంతమందిని పిలవలేదు. రాజవ్వ క్యాన్ నుంచి పాలు తీసి, గొట్టంలో పోసి, అయోడిన్ చుక్క వేశాను. పాలు నీలంగా మారాయి. గొట్టం పైకెత్తి, అందరికీ కనబడేలా నలువైపులా తిప్పాను. ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు సర్దుకొని, రేపటి నుంచి పాలు తేవద్దని రాజవ్వతో చెప్పారు.

రాజవ్వ ఏడవలేదు, అరవలేదు. క్యాన్ కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది.

"వానకాలం పచ్చిగడ్డి తింటే ఏ బర్రె పాలైనా పల్చగనే ఉంటయి సారూ. నేను నీళ్ళు గూడ కలుపలే, పిండెందుకు కలుపుత?"

ఈ మందు అబద్ధం చెప్పదని నేను గంభీరంగా చెప్పాను.

"నీ మందు చెప్పకపోవచ్చు. నీ గిలాస చెప్తే?" అంది. "గవే గిలాసలల్ల ఉత్త నీళ్ళు పోసి గా మందే ఏయి. నీళ్ళు గూడ పిండి కలుపుకొని వచ్చినయేమో జర సూద్దాం."

పిల్లలు నవ్వారు. ఆమె నోరు మూయించి తీరాలని నేను తాగేందుకు పెట్టుకున్న కూజా నీళ్ళు ఒక గొట్టంలో పోసి చుక్క వేశాను. నీలం. ఇంకో గొట్టం తీశాను. అదీ నీలమే. నా చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ముందు వరుసలో, బొగ్గు గనుల కాలనీ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మెల్లగా రికార్డు తెరిచి, ఉత్త నీళ్ళతో పోల్చాలని నేను రాయించిన పేజీ నాకేసి తిప్పింది. నేను ఆకాశం వైపు చూశాను.

రాజవ్వ లేచింది. రెండు గొట్టాలు తీసుకొని, బోరింగు దగ్గరకు పోయి, నీళ్ళు తానే కొట్టుకొని, పాల చెంబు తోమినట్టు తోమి తెచ్చింది. ఒకదాంట్లో తన పాలు, రెండోదాంట్లో బోరింగు నీళ్ళు. చుక్క వేయమంది. వేశాను. రెండూ లేత పసుపురంగులోనే ఉండిపోయాయి, నీలం జాడ లేదు.

అక్కడితో వదులుతుందనుకున్నాను. వదల్లేదు.

"ఇగ గంజిల గూడ ఏయి. లేకుంటే రేపు నీ మందే సచ్చిందంటరు."

గంజి ఎక్కడ దొరుకుతుందని నేను తడబడుతుంటే, మల్లయ్య నా గదిలోకి పోయి బకెట్ తెచ్చి అందరి ముందూ పెట్టాడు.

"దూరం పోవుడెందుకు సార్? నిన్న మీరు అంగీలకు పెట్టినంక మిగిలిన గంజి గిదే. పొద్దుగాల గిలాసలు కడిగింది గిండ్లనే. చెప్తే ఇన్లే."

ఇక తప్పదు. బకెట్ నీళ్ళలో చుక్క వేశాను. జన్మలో అంత అందమైన నీలం నేను మళ్ళీ చూడలేదు.

రాజవ్వకు అక్కడే చేతులు జోడించి, తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను. ప్రిన్సిపాల్ తన మాట వెనక్కి తీసుకొని, రేపు కూడా పాలు పొయ్యమని ఆమెను బతిమాలారు. ఆమె నాకేసి చూసింది.

"పోస్త. గానీ నువ్వు పరీక్ష పెట్టినప్పుడల్ల గిలాసలు నేనే కడుగుత."

అన్న మాట నిలబెట్టుకుంది కూడా. ఆ ఏడాదంతా ప్రాక్టికల్స్ రోజున పాలు పోసి, తిన్నగా ల్యాబుకు వచ్చేది. ఏ గొట్టం పక్కన ఏది పెట్టాలో నాకంటే ముందే పిల్లలకు చెప్పేది. వాళ్ళు నన్ను సార్ అనేవారు, ఆమెను పెద్దసార్ అనేవారు.

ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరి తప్పు నిరూపించాలన్నా, జనాన్ని పిలవకుండా, తలుపు గడియ వేసుకొని, ముందు నాకు నేనే నిరూపించుకుంటానని. ఇన్నేళ్ళుగా ఆ ఒట్టు తప్పలేదు. ఇప్పటిదాకా ఆ గదిలో దొరికిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.