కువైట్ విమానం దిగేదాకా చీపురు పట్టరాదు

ఎనభయ్యవ దశకం తొలి సంవత్సరాల్లో, నాకు ఇరవయ్యేళ్లున్నప్పుడు, అంకెల మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఈ వయసులో ఆ నమ్మకం మోయడమూ అలసటగానే ఉంది గాని, దింపే చోటు తెలియక మోస్తూనే ఉన్నాను. అప్పట్లో మేము కామాటిపురలో ఒక అద్దెగదుల చాల్ రెండవ అంతస్తులో ఉండేవాళ్లం. గదులన్నింటికీ కలిపి ఒకటే పొడవాటి గ్యాలరీ. మా మేనత్త భర్త తాపీపనికి కువైట్ బయలుదేరిన ఉదయం, మనిషి గమ్యం చేరేదాకా ఇల్లు ఊడ్వరాదన్న ఆచారాన్ని అత్త తన గడప దాటించి గ్యాలరీ అంతటికీ వర్తింపజేసింది. (మామ చెప్పులు విడిచేది అక్కడే కనుక అదీ ఇల్లేనని ఆమె వాదం.) చిక్కల్లా పక్కగది అక్కకు వచ్చిపడింది. ఆమె కూతురిని చూడడానికి వర్లి నుంచి పెళ్లివారు పన్నెండింటికి వస్తున్నారు. గ్యాలరీ నిండా మామకు వీడ్కోలు చెప్పి వెళ్లినవారు వదిలిన విస్తరాకులు, పల్లీల పొట్టు, బీడీ ముక్కలు.

“తమ్మీ, టికెట్ల పదిన్నరకు దిగుతదని ఉన్నది. పదిన్నరకు ఊడుస్తం, బస్!” అంది అక్క.

నేను ఊరుకోలేకపోయాను. “అది కువైట్ గడియారం అక్కా, మనకంటే రెండున్నర గంటలు వెనక. దూరం సుమారు రెండు వేల ఏడు వందల యాభై కిలోమీటర్లు. తొమ్మిదింటికి లేస్తే నాలుగు గంటలు పడుతది. మన టైముకు ఒంటిగంట.”

“ఇన్నవా?” అత్త చీపురును వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకుంది. “నా పెనిమిటి గాలిల ఉండంగ ఎవలు ఊడుస్తరో సూస్త!”

“నోరు మూసుకుంటే నీదేం పోతుండె తమ్మీ? పావ్ణేలు ఈ కచరా తొక్కుకుంట వస్తరా?” అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

తొక్కుకుంటూనే వచ్చారు. పెళ్లికొడుకు తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సంగతి విన్నాక తీసేసింది. “మా ఆయన మస్కట్ పోయిననాడు నేనొక్కదాన్నే చీపురు దాసిన. ఈడ చాల్ అంతా ఆగిందా? అయితే పిల్ల మాకు నచ్చింది.” (పిల్ల అప్పటికింకా గదిలోంచి బయటకే రాలేదు.)

ఒంటిగంటకు నేను అనుమతి ఇవ్వగా, పెళ్లివారు నా లెక్కను మెచ్చుకుంటుండగా, అక్క గ్యాలరీ ఊడ్చింది. నాలుగింటికి మామ పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“ఇమానం లేవనే లేదు! మిషన్ ఖరాబట. రేపు రమ్మన్నరు.”

“నీ లెక్కల మన్నువడ!” అని అత్త నా మీదికి చీపురు విసిరింది. మరుక్షణమే మామకు అన్నం పెట్టడానికి లోపలికి పరుగెత్తింది. అంత సంతోషంగా ఆమె పరుగెత్తడం నేను మళ్లీ చూడలేదు.

దూరం సరిగ్గానే ఉంది. వేగమూ, గడియారాల తేడా కూడా. ఆ పెళ్లి జరిగింది గాని, ముహూర్తం లెక్కలకు నన్నెవరూ పిలవలేదు. నేటికీ ఎవరిదైనా ప్రయాణమంటే దూరాన్ని వేగంతో భాగించకుండా ఉండలేను. కాకపోతే, భాగించే ముందు, కాస్త సిగ్గుగా, ఒక్క మాట అడుగుతాను: “ఇంతకీ, బయలుదేరిందా?”