ట్యాంకరు వార్తకు ఆమేన్

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండేది, దానికి సిగ్నలే ఉండేది కాదు) టీవీలో కనబడడమంటే మా దుత్తలూరు వైపు పల్లెల్లో చిన్న సంగతి కాదు, అది ఆత్మకూరు కేబుల్ టీవీ అయినా సరే. డిగ్రీ అయిన ఏడు అందులో వార్తలు చదివే పని దొరికిందని నేను ఎగిరి గంతేస్తుంటే, నాయన మాత్రం ఒకటే మాట చెప్పాడు. "నెల రోజులు చూడు. ఆ ఓనరు ఉండమంటే ఉండు. లేదంటే నోరు మూసుకోని బీఎడ్‌లో చేరు." బీఎడ్ మంచిదే, కాదనను. కానీ చిన్నప్పటి నుంచి అద్దం ముందు దువ్వెన పట్టుకుని వార్తలు చదివిన దాన్ని, సుద్దముక్క పట్టుకోమంటే ఏడుపొచ్చింది.

నిజానికి ఆ పనికి నాకున్న అర్హత ఒక్కటే. పదేళ్ళ వయసు నుంచి ప్రతి ఆదివారం మా ఊరి చర్చిలో బైబిలు వాక్యం చదివేది నేనే. నాయన వెనక బెంచీలో కూర్చుని, నేను ఒక్క అక్షరం మింగినా ఇంటికొచ్చాక మొత్తం మళ్ళీ చదివించేవాడు. చదవడం అయిపోగానే "చదవబడిన మాటను దేవుడు నెరవేర్చును గాక" అని నేననాలి, చర్చిలో ఉన్నవాళ్ళంతా "ఆమేన్" అనాలి, అదీ మా పద్ధతి. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ మాట నాకు ఆవులింతలాగా అయిపోయింది. కాగితం చివరికి వస్తే చాలు, నా ప్రమేయం లేకుండానే బయటికొచ్చేస్తుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆత్మకూరులో ఒక ఫ్యాన్సీ షాపు మేడ మీద ఉండేది మా స్టూడియో. ఓనరును అందరూ ఓనరన్న అనేవాళ్ళు. పెద్ద రైతు కుటుంబం వాళ్ళది, మాట కుండ బద్దలు కొట్టినట్టుండేది. మొదటి రోజే నా చదువు విని, "ఏందిమ్మా, వార్తలు చదవతా ఉండావా, ప్రార్థన చేస్తా ఉండావా? కొంచెం పరిగెత్తించు!" అన్నాడు. పరిగెత్తించాను. కాగితం చివర ఆవులింత కూడా నాతోపాటే పరిగెత్తుకొచ్చింది. అదృష్టం బాగుండి అప్పటికి ఆయన కిందికి దిగిపోయాడు. కెమెరా పట్టుకున్నది మా చర్చిలో డోలు వాయించే మామ (వరసకు మామ, లెక్కకు ఆ స్టూడియోలో నాకున్న ఏకైక బంధువు). రికార్డింగులో నుంచి ఆ ముక్క చడీచప్పుడు లేకుండా కోసేసి, "నువ్వు చెప్పుకో పాపా, నేను కత్తిరించేస్తాలే" అన్నాడు. అట్లా ఇరవై తొమ్మిది రోజులు నేను చెప్పడం, ఆయన కత్తిరించడం. ఓనరన్నకు తెలియనే తెలియదు.

ముప్పయ్యో రోజు సాయంత్రం కంప్యూటరు మొరాయించింది. "రికార్డింగు లేదు గీకార్డింగు లేదు, లైవ్‌లో చదివేయ్" అని ఓనరన్న నా ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఈ పొద్దు బాగా చదివితే రేపట్నుంచి నువ్వే. తప్పులొస్తే ఇంకో పిల్లను చూసుకుంటా, ఏమనుకోవద్దు." నేను మామ వైపు చూశాను, మామ నేల వైపు చూశాడు. గబగబా పెన్ను తీసి అరచేతిలో "వద్దు" అని రాసుకున్నాను.

బస్సుల టైములు మారిన వార్త చదివాను. ఉదయగిరి చెక్క గరిటెల వార్త చదివాను. కలువాయిలో పంటలు ఎండుతున్న వార్త కూడా తడబడకుండా దాటేశాను. చివరిది నీళ్ళ వార్త. మా వైపు పల్లెలకు రేపటి నుంచి ట్యాంకర్లతో నీళ్ళు పంపిస్తామని అధికారులు చెప్పారన్నది దాని సారాంశం. అది కూడా ఒక్క తప్పు లేకుండా చదివి, అరచేతి వైపు చూశాను. చెమటకు "వద్దు" మొత్తం కరిగిపోయి నీలం మరక మిగిలింది. అంతే, తల వంచి, ఎంతో భక్తిగా, "చదవబడిన మాటను దేవుడు నెరవేర్చును గాక" అనేశాను.

నేననడం ఒక ఎత్తు. కెమెరా వెనక నుంచి మామ, డోలు చప్పుడును కూడా మింగేసే తన గొంతుతో, "ఆమేన్!" అన్నాడు.

లైట్లు ఆపారు. ఓనరన్న నోరు తెరిచేలోగానే ఫోను మోగింది. ఇంకేముంది, తిట్లే అనుకున్నాను, కళ్ళ ముందు బీఎడ్ కాలేజీ గేటు కనబడింది. స్పీకరులో ఎవరో పెద్దాయన గొంతు. "ఏమయ్యా, ఎవరా పిల్ల? ఆఫీసోళ్ళు చెప్పిన మాట నెరవేరాలంటే దేవుడే దిగాల. మూన్నెల్లుగా ఇదే మాట వింటా ఉండాం. ఇన్నాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది మీ టీవీలో!" అది పెట్టేయగానే ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. మూడో ఫోనుకు ఓనరన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుని, "రేపు రా. ఆ చివరి మాట మాత్రం మైకు ఆపినాక చెప్పుకో" అన్నాడు. మామ ఇంకా నేల వైపే చూస్తుంటే, "నువ్వు కూడా అంతేరా సామీ" అని కలిపాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, అక్కడే కింద కూర్చుండిపోయాను.

దుత్తలూరులో బస్సు దిగితే నాయన టీ కొట్టు ముందర నిలబడి ఉన్నాడు. అక్కడి టీవీలో అంతా చూశాడట. తిడతాడేమోనని నేను తల వంచుకుంటే, "కొట్లో ఉన్నోళ్ళం అందరం ఆమేన్ అన్నాంలే. ఇంక బీఎడ్ ఎందుకు" అని నా సంచీ అందుకున్నాడు. (ట్యాంకరు వచ్చిందా అంటే వచ్చింది, నాలుగు రోజులు ఆలస్యంగా.)

ఇప్పుడు నెల్లూరులో ఎఫ్ఎం రేడియోలో మాట్లాడుతున్నాను. గాజు గదిలో నేనొక్కదాన్నే. అప్పట్లో అరచేతిలో "వద్దు" రాసుకున్న ఆ పిరికిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. కార్యక్రమం అయ్యాక మైకు ఆగిందో లేదో రెండుసార్లు చూసుకుని, నా మాట నేను చెప్పుకుంటాను. చెప్పి, ఒక్క క్షణం ఆగుతాను. అవతల నుంచి ఎవరూ ఆమేన్ అనరు, ఆ ఒక్కటే వెలితి.