దిగాల్సిన చోట దిగని ఈరన్న

పెద్ద ఈరన్న దిగాల్సిన స్టాపులో దిగడు. మనిషిలో వంక పెట్టడానికి ఉన్నది అదొక్కటే. ఇల్లు నాలుగో సెక్టారులో, దిగేది ఆరో సెక్టారులో.

కల్లూరు అవతల కొత్తగా లేచిన ఆ టౌన్‌షిప్పులో దారి తప్పడం వింతేమీ కాదు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రోడ్లకు పేర్లు లేవు, అంకెలే. ఒకసారి పాలాయన తన ఇంటి తలుపే కొట్టి, సొంత భార్యను “అమ్మా, గిన్నె తెండి” అన్నాడని చెప్పుకుంటారు.

అయినా సిటీబస్సు కండక్టరు నాగజ్యోతికి అయోమయమంతా ఈరన్నతోనే. బస్సెక్కింది మొదలు ఆయన చెప్పేది తన దారి పరిజ్ఞానం గురించే మరి.

“అమావాస్య చీకట్లో నందికొట్కూరు సంతకు బండ్లు తోలినోన్ని! లాంతరు గూడా ల్యా. ఎద్దులే నన్ను దారి అడిగేవి. అయిదో తరగతి భూగోళంలో నేనే ఫస్టు!”

“సరే తాతా, నాలుగో సెక్టారొచ్చింది, దిగు.”

“ఇదా? నాలుగు మాదిరి ల్యాదే!”

“బోర్డు చూడు.”

“బోర్డు తప్పు రాసినారు.”

“ఆ ఎద్దులన్నా ఉంటే ఇల్లు చేరేటోడు పాపం,” అనేవారు వెనక సీట్లోంచి.

పూలమ్మే హనుమంతమ్మ వెనకే ఆరో సెక్టారులో దిగి, “అయ్యో, యాడుండాం మనం?” అనేవాడు ఈరన్న.

నాగజ్యోతికి దిగులు పట్టుకుంది. ఆరో సెక్టారే చివరి స్టాపు. ఒక సాయంత్రం డ్రైవరు టీకి వెళ్లగానే ఆమె తాత వెంట నడిచింది.

మలుపులో హనుమంతమ్మ పూలగంప చంకన పెట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. ఎటు చూసినా అవే ఇళ్లు. ఇంకోసారి దారి తప్పితే పూలంగడి మానిపిస్తానని కొడుకు తేల్చి చెప్పిన సంగతి బస్సంతటికీ తెలుసు.

“తల్లీ, దారి తప్పినా. మీ ఇంటిదాంకా తీసుకపోతే ఆడ్నుంచి నేను పోతా,” అన్నాడు ఈరన్న. “నీళ్లట్యాంకుకు మొగం పెట్టి నడవాల్నా, వీపు పెట్టా?”

“మొగం పెట్టి.”

“అట్ల పోతే ట్యాంకే గదమ్మా వచ్చేది?”

“అందుకే వీపు పెట్టమంటాండా!”

“శానా తెలివి నీది. మరి ఆ పచ్చ గేటు సందులోకి తిరగొద్దంటావా?”

“తిరగాల! నేను చెప్పకుంటే నీకేం తెలుస్తాది?”

ఇంటి ముందు కొడుకు ఎదురొచ్చాడు. “ఈయప్ప మళ్లా తప్పిపోయినాడు నాయనా. నేనే పిల్చుకొచ్చినా,” అంది హనుమంతమ్మ తలెత్తి.

“మాయమ్మను చూసి నేర్చుకో పెద్దాయనా,” అన్నాడు కొడుకు జాలిగా.

భూగోళంలో ఫస్టొచ్చిన ఈరన్న తల వంచుకున్నాడు. “నేర్చుకుంటానప్పా.”

ఆ వెంటనే పక్క సందులో దూరి, ఎవరినీ అడక్కుండా చకచకా ఇంటిదారి పట్టాడు. నాగజ్యోతి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు బస్సు నాలుగో సెక్టారులో ఆగింది. “నాలుగొచ్చింది గదమ్మా, ఆ ముసలాయన్ను దింపు!” అని ఎవరో అరిచారు.

నాగజ్యోతి బోర్డు వంక చూసింది.

“బోర్డు తప్పు రాసినారన్నా. రైట్ రైట్!”