కత్తెర కింద కియ్‌మన్న గుడ్డు

బల్ల మీద నాలుగు కోడిగుడ్లు, కత్తెర, గోరువెచ్చని ఉప్పునీళ్ల గిన్నె. చుట్టూ మేము ఆరుగురం, మా జువాలజీ మేడమ్. చీపురుపల్లి దగ్గర మా కాలేజీలో ఆ రోజు మూడు రోజుల పిండంలో గుండె కొట్టుకోవడం చూడాలి. ఇంక్యుబేటర్ పాడవడంతో గుడ్లను మా ఇంట్లో పొదుగుతున్న కోడి కిందే పెట్టాను. అమ్మ ముందే పొదుగుకు పెట్టిన గుడ్లకు బొగ్గు గీత ఉంది. నా గుడ్లకు పెన్సిల్ గీత పెట్టాను. ఈకల రాపిడికి బొగ్గు వెలిసి రెండూ ఒకేలా అయ్యాయని గమనించలేదు.

కత్తెర మొన దిగగానే లోపలి నుంచి "కియ్" మంది. అది పిల్లయ్యే దశకొచ్చిన అమ్మ గుడ్డు. ఇంకాస్త దిగితే మొన పిల్ల కంట్లోకే. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. అమ్మకు ఫోన్ చేశాను.

"నీ సదువుకి నా పిల్లే దొరికిందేట్రా? పెంకు ముట్టుకోకు. తడిగుడ్డ కప్పి ఎచ్చగా ఉంచు, అదే వస్తాది."

బల్బు కింద పెట్టి అందరం కూర్చున్నాం. సాయంత్రానికి పెంకు తోసుకుని తడిపిల్ల బయటికొచ్చింది. ఇప్పుడు ఏ గుడ్డునైనా వెలుతురుకు పట్టి, లోపల ఎంత పెరిగిందో చూశాకే కత్తెర తీస్తాను.

ఆ విడత అమ్మ కోడికి పిల్లలు పదకొండు. పది ఇంట్లో, ఒకటి కాలేజీలో.