సగం ఘాట్ దాకా

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇగ చెప్పేదాంట్ల ఒక్క ముక్క కల్తీ లేదు. నా మాట నమ్మేటోళ్లు కరీంనగర్‌ల తక్కువైపోయిండ్రు గనుక దేవుణ్నే జమానతు పెడుతున్న.

మా సర్కారు ఆఫీసుల ఇద్దరం డ్రైవర్లం. ఒకాయన పర్మనెంటు, అందరం భాయ్ అంటం. రెండోది నేను, ఔట్‌సోర్సింగు. తోలేది ఒకటే జీపు, ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. పంచరైతే ఇద్దరి చేతులూ ఒక్కతీరుగనే నల్లబడ్తయి. సారు మీటింగుల ఉంటే ఎండల కూసుండుడు గూడ ఒక్కతీరే. జీతమే వేరు. నాది భాయ్‌దాంట్ల సగం. ఆ సగాన్ని గూడ మధ్యల ఏజెన్సీ ఆయన గోకుతడు.

సమాన పనికి సమాన జీతమని పెద్ద కోర్టే చెప్పింది గదా, నా సంగతి పైకి రాయుండ్రి అని సారును అడిగిన. ఆయన చాయ్ ఊదుకుంట, నీ పని వేరు, పర్మనెంటు పని వేరు అన్నడు. ఎట్ల వేరో మాత్రం చెప్పలే. సరే, నేనే చూపిద్దామనుకున్న.

ఆదిలాబాద్‌ల మీటింగు పడ్డది. దూరమని ఇద్దర్నీ ఎంట తీసుకపోయిండు. పోయేటప్పుడు నేను తోలాలె, వచ్చేటప్పుడు భాయ్. నిర్మల్ దాటేసరికి సారుకు కునుకు పట్టింది. నాలుగు లైన్ల రోడ్డు ఇడిసిపెట్టి పాత ఘాట్ రోడ్డు పట్టిన. సగం ఎక్కినంక ఒక మలుపు పక్కన జీపు మెల్లగ ఆపి, తాళంచెవి తీసి సారు చేతిల పెట్టిన.

ఇంజన్ వేడెక్కిందా అని అడిగిండు పాపం.

"లేదు సార్. నా జీతం గీడిదాకనే వస్తది. ఘాట్ పై సగం నాది కాదు."

ఆయనకు నిద్ర మొత్తం దిగింది. ఏజెన్సీకి ఒక్క ఫోన్ కొడితే ఎల్లుండికి నీ జాగల ఇంకొకడుంటడని బెదిరిచ్చిండు.

"వాడైనా గీడిదాకనే వస్తడు సార్. వాని జీతం గూడ గింతనే."

అప్పుడు సారు భాయ్ దిక్కు మల్లి తాళంచెవి చాపిండు. భాయ్‌కి ముందుగాల నేనేం చెప్పలే. ఆయన గా చెవి అందుకుంటే నా కొలువు ఆ మలుపుల్నే ఆఖరు. భాయ్ దిగిండు, ముందటికి పోలే. రోడ్డు పక్క గోడ మీద కూసుండి బీడీ ముట్టిచ్చిండు.

"నాకు రెండింతలిస్తున్నరు సార్, నిజమే. గని నేను ఘాట్ రెండుసార్లు ఎక్కిస్తలే గదా. తమ్ముడు తోలేంత దూరమే నేనూ తోలుతున్న."

అదే టైముకు ఒక కొండముచ్చు దిగొచ్చి బానెట్ మీద కూసుండి, అద్దంల నుంచి సారును కండ్లార్పకుంట చూసింది. ఇదొక్కటే సార్ ఈ ఘాట్ మీద అసలైన పర్మనెంటు అన్నడు భాయ్.

దిక్కులేక సారు బ్యాగుల నుంచి కాయితం తీసి, ఇద్దరి పనీ ఒకటే గనుక జీతం గూడ ఒకటే ఇయ్యాలె అని రాసి సంతకం పెట్టిండు. మిగిలిన ఘాట్ నేనే తోలిన. మల్ల నెల నుంచి భాయ్‌కెంతో నాకంతే. ఏజెన్సీ ఆయన నన్ను పిలిచి చాయ్ గూడ తాపిచ్చిండు.

ఇగ ఒప్పుకుంట. మీరు కొండముచ్చును అనుమానిస్తున్నరు గని, కొండముచ్చు వచ్చుడు నిజమే. జీపు ఆపుడు నిజం, భాయ్ బీడీ నిజం. కల్పించింది సారు సంతకం, దాని ఎనకొచ్చిన జీతం, చాయ్. జరిగిందేందంటే, వాన పట్టేదాకా ముగ్గురం అట్లనే కూసున్నం. ఆఖరికి సారు "సరే, చూద్దాం, పోనియ్" అన్నడు. ఆ చూద్దాం ఇంకా చూస్తనే ఉన్నది. నన్ను తీసేద్దామని ఆయన చూసిండు గని, కొత్తోడు వస్తే తాళంచెవి నేనూ ముట్టనని భాయ్ చెప్పేసరికి ఊకున్నడు.

ఈ కథ మంథని బస్సుల చెప్పిన, ఆదిలాబాద్ చాయ్ హోటల్‌ల చెప్పిన. ఎక్కడ చెప్పినా ఆఖరుకు నా జీతం భాయ్ జీతంతోని సమానమైతది. దాన్ని నిజం చేసుడు నా చేతుల లేదు. చెప్పుడు మాత్రం బంద్ చెయ్య.