ఆ అట్టలు మా తమ్ముడివి కావు

బుల్లీ, నువ్వు పోయి ఇరవై రెండు రోజులైంది. పొద్దున్నే నిన్ను పిలవడం నోటికి అలవాటు, ఇంకా పిలుస్తూనే ఉన్నాను.

చదివే మీకు చెబుతాను. నా కూతురు తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. పంతొమ్మిదేళ్ళది. నేను చదివింది రెండో తరగతి, తప్పులుంటే మీరే సర్దుకోవాలి. దాని గురించి నేనొక అబద్ధం చెప్పాను. అది దిద్దుకుందామని రాస్తున్నాను.

మాది గజపతినగరం దగ్గర నేతవాళ్ళ వీధి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళది రాట్నం మీద కండెలకి నూలు చుట్టే పని, మగ్గం గుంటలోకి దిగేది మగవాళ్ళు. మా తమ్ముడు బరంపురంలో కూలికి నేసి, తిరిగొస్తూ ఒక పాత అట్టల పెట్టె తెచ్చి మగ్గం నెత్తిన బిగించాడు. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా దారంతో దండలా కుట్టి దానికి వేలాడదీస్తే, చిల్లున్నచోట నిలువు పోగు లేచి, ఒక్కో అట్టకి ఒక్కో పేక పోగు అడ్డంగా పడుతూ చీర అంచులో పువ్వు దిగుతుంది. బిగించడమైతే బిగించాడు గానీ, కొత్త పువ్వుకి ఎక్కడ చిల్లు పొడవాలో వాడికి అంతు పట్టలేదు.

అంతు పట్టింది నా కూతురికి. కండెలు చుడుతూ ఎప్పుడూ మగ్గం వైపే చూసేది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక మేనమామతో అంది.

"మావా, మగ్గానికి మన మనసులోది తెలీదు. సిల్లున్నకాడ పోగు లేపుతాది, లేనికాడ ఒగ్గేస్తాది. దానికొచ్చిన సదువంతే. నివ్వు పువ్వు పువ్వు అంటన్నావు. ఈ పోగు లేపాలా ఒద్దా, అదొక్కటే అడుగుతాది అది."

"ఒసే, ఇదంతా ఎప్పుడు సూసినావే?"

"నివ్వు తల గోక్కుంటన్నప్పుడు."

ఆనాటి నుంచి మా ఇంట్లో అట్టలన్నీ అదే పొడిచింది. చింతపువ్వు అంచు దిగిన చీర చూసి వీధంతా వచ్చి అడిగారు. "మా తమ్ముడు సేసినాడు" అన్నాను. ఆడపిల్ల పొడిచినవంటే ఆ అట్టలు ఇంకెవరూ తమ మగ్గాలకి ఎక్కించరని నా భయం. అలా అని ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

ఆ తరవాత నెల్లిమర్ల నుంచి ఒకాయన పని నేర్చుకుంటానని వచ్చాడు. నలభై దాటినవాడు, అట్ట ఏనాడూ ముట్టుకోలేదు. తమ్ముడు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. నా కూతురు తలుపు వెనక రాట్నం ముందు కూర్చుంది.

"బావా, ముందేటి సెయ్యాలి?" అన్నాడాయన.

తమ్ముడు గొంతు సవరించుకుని తలుపు వైపు చూశాడు.

"పెద్ద పువ్వు జోలికెళ్ళొద్దను," అంది తలుపు వెనక నుంచి. "ఎనిమిది పోగులు, నాలుగట్టలు సాలు."

"ఎనిమిది పోగులు, నాలుగట్టలు," అన్నాడు తమ్ముడు.

"ముందు గళ్ళ కాగితం మీద పువ్వు పడే గళ్ళు నింపమను. ఒక వరసకి ఒకట్ట. పొడిసినాక తనే మగ్గంలాగ ఒక్కో అట్టా సదువుకుంటా, పోగులు ఏళ్ళతో లేపమను. తొందరపడి మగ్గమెక్కించొద్దను."

తమ్ముడు అదీ ఒప్పజెప్పాడు. ఆయన నవ్వాడు.

"బావా, మీ తలుపు నీకంటే బాగా సెప్తన్నాది."

నేను గబగబా అందుకున్నాను. "దానికేటి తెలుసు నాయనా. మావ నోట ఇన్నదే ఒప్పజెప్తాది."

రాట్నం ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

సాయంత్రం కండెలు బుట్టలో సర్దుతూ, కోపం లేకుండానే అంది. "అమ్మా, తప్పడిన పోగు ఒకపాలి సర్దీగలం. అట్టలో సిల్లే తప్పయితే, ఆ అట్ట తిరిగొచ్చినప్పుడల్లా ఆ తప్పు మళ్ళీ పడతాది."

"సాల్లే నీ కబుర్లు," అన్నాను.

ఆయన నాలుగు నెలలు వచ్చాడు. వచ్చినప్పుడల్లా తలుపు వెనక నుంచి చెప్పేది, తమ్ముడు వల్లించేవాడు. ఒకసారి, కావాలని ఒక చిల్లు తప్పు పొడవమంది. బట్టలో ఏమవుతుందో ముందే చూసుంటే, రేపు తెలియక తప్పు చేసినప్పుడు బెదరడంది. తప్పు ఏ పోగు దగ్గర పడిందో అక్కడి నుంచే వెనక్కి లెక్కపెట్టుకోవాలి, అంతా విప్పేసుకోకూడదంది. ఆయన వెళ్ళేటప్పుడు తమ్ముడికే దండం పెట్టేవాడు. నేను చూస్తూ ఉండేదాన్ని.

పిల్ల పోయిన పన్నెండో రోజున ఆయన పలకరించడానికి వచ్చాడు. "నీ దయవల్లే నా మగ్గం నిలబడ్డాది బావా" అన్నాడు. తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నన్నే చెప్పమన్నట్టు చూశాడు. నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. పిల్ల పోయాక కూడా నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చింతపువ్వు అంచు అట్టలు నూట నలభై ఎనిమిదీ నా కూతురు పొడిచినవి. నెల్లిమర్ల నాయనా, నీకు పని నేర్పింది అది. ఆ దండాలన్నీ దానివి.

నిన్న ఆ అట్టల దండ దింపి వాకిట్లో పరిచాను. ఒకటెత్తి ఎండకి పెడితే చిల్లుల్లోంచి వెలుగు నా ఒళ్ళో చుక్కలు చుక్కలుగా పడింది. ఏ చుక్క ఏ పోగుదో నాకు తెలియదు. ఎనిమిది పోగులతో నేనూ మొదలుపెట్టాను. రెండట్టలు పొడిచాను, రెండూ తప్పే.

నేర్చుకోవాలనుకున్నవాళ్ళు మా ఇంటికి రండి. మగవాళ్ళయినా ఆడపిల్లలయినా అరుగు మీదే కూర్చోండి. తెలిసినంత మా తమ్ముడు చెబుతాడు, నేను పక్కన కూర్చుంటాను. ఎంత దూరం నుంచి వచ్చినా మా ఇంట్లో మొహమాటపడకండి. కడుపునిండా అన్నం తినండి.